వాయిదాకు ఏం కట్టుకుని వెళ్ళాలి?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 విశేషం మీకు నేను చెప్పనక్కర్లేదు. 1982లో ఆ రోజునే సుప్రీం కోర్టు నకారా గారి కేసులో, పెన్షన్ అనేది దొరగారు దయతలచి ఇచ్చే బహుమానం కాదని తేల్చి చెప్పింది. ఆ అయిదుగురు న్యాయమూర్తుల్లో మన తెలుగువారు జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి గారు కూడా ఉన్నారు. ఆ సంగతి ప్రతి ఏడూ చెప్పుకుంటూనే ఉన్నాం. ఈ ఏడు కార్యదర్శి గారు నన్ను పట్టుకుని "కోర్టుల గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నేను వకీలును కాను. తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరి, 1985లో మండలాలు వచ్చాక మండలాఫీసులో కుదురుకుని, ప్రభుత్వం తరపు రికార్డులు సంకన పెట్టుకుని కోర్టు వరండాల్లో పొద్దులు పుచ్చినవాణ్ణి. అందుకని వరండాలో చూసిందే చెబుతాను.

వాయిదా ఉన్న మనవాళ్ళు నన్ను అడిగే మొదటి ప్రశ్న చట్టం గురించి కాదు. "ఏం కట్టుకుని పోవాలి?" అని. వినడానికి నవ్వొస్తుంది. నేనూ నవ్వేవాణ్ణి, 2017 దాకా.

మా ఆఫీసులో అటెండరుగా చేసి రిటైరైన ఒకాయన ఉన్నాడు. పేరు చెప్పను, ఆయనకిష్టం ఉండదు. ఆయన భార్యకు ఉబ్బసం. కరెంటు పోతే ఫ్యాను ఆగుతుంది, ఆమెకు ఊపిరాడదు. పదవీ విరమణ డబ్బుల్లోంచి ఇన్వర్టరు, బ్యాటరీ కొన్నాడు. నాలుగు నెలలకే బ్యాటరీ చచ్చిపోయింది. దుకాణదారు గ్యారంటీ వర్తించదు పొమ్మన్నాడు. వినియోగదారుల ఫోరానికి ఫిర్యాదు నేనే రాసిపెట్టాను. రసీదు ఉంది, గ్యారంటీ కార్డు ఉంది, కేసు గట్టిది. రెండు వాయిదాలు జరిగాయి. మూడో నెలలో ఫిర్యాది హాజరు కాలేదని కేసు కొట్టేశారు.

నేను పరుగెత్తుకుంటూ ఆయన ఇంటికి పోయాను. "ఏందయ్యా, వాయిదాకు పోలేదా?" అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత చెప్పాడు. "పంచె కట్టుకుని పోతే లోపలికి రానీరంట గదా సారూ. ప్యాంటు ఉండాలంట." ఎవరో బస్సులో చెప్పారట. మొదటి వాయిదా అందుకే ఎగ్గొట్టాడు. రెండో వాయిదాకు అల్లుడి ప్యాంటు తొడుక్కుని పోయాడు. అది నడుముకు పట్టలేదు, పైన చొక్కా వేలాడేసి కప్పుకున్నాడు. గేటు దాకా పోయి, లోపలికి పోయే వకీళ్ళనూ బూట్లనూ చూసి, వేపచెట్టు కింద నిలబడిపోయాడు. లోపల ఆయన పేరు మూడుసార్లు పిలిచారు. ఆయనకు వినపడింది కూడా. ముప్ఫై ఏళ్ళ పైగా ఆఫీసరు గది తలుపు దగ్గర నిలబడి ఇతరుల పేర్లు పిలిచిన మనిషి, తన పేరు పిలిస్తే పలకలేకపోయాడు.

పాత చట్టంలో అప్పీలుకు 30 రోజులు గడువు. గడువులోనే రాష్ట్ర కమిషనుకు అప్పీలు వేశాం. కేసు మళ్ళీ జిల్లాకు తిరిగొచ్చింది. ఎనిమిది నెలలు పోయాయి. రెంటచింతల ఎండలంటే రాష్ట్రమంతా ఎరుగును, ఆ పక్కనే వాళ్ళ ఊరు. ఆ ఎండాకాలమంతా ఆ తల్లికి విసనకర్రే దిక్కయింది. ఈసారి నేను వెంట పోయాను. ఉతికిన పంచె, తెల్లచొక్కా, భుజాన తువ్వాలు. అధ్యక్షులవారు కాగితాలు చూసి, రెండు ప్రశ్నలు అడిగి, "పెద్దాయనా, కూర్చోండి" అన్నారు. బ్యాటరీ ఖరీదు, పైన ఖర్చులు ఇప్పించారు. పంచె మాటే రాలేదు.

కాబట్టి మొట్టమొదట తెలుసుకోవలసింది, కక్షిదారుకు యూనిఫారం లేదు. నల్లకోటు, మెడకు తెల్లబ్యాండు వకీళ్ళకు బార్ కౌన్సిల్ నియమం. వాళ్ళకు కూడా హైకోర్టు, సుప్రీం కోర్టుల్లో తప్ప ఎండాకాలంలో కోటు తప్పనిసరి కాదు. మనం చేయగూడని పని ఒక్కటుంది, వకీలులా కనపడడం. డిసెంబరు చలికి మనవాడొకడు పెళ్ళినాటి నల్లకోటు తొడుక్కుని పోతే, పల్లెటూరివాళ్ళు ఇద్దరు కాగితాలు పట్టుకుని ఆయన చుట్టూ మూగారు. అది నేను కళ్ళారా చూశాను.

బట్టల మీద న్యాయమూర్తులు కోప్పడ్డ సందర్భాలు లేవా అంటే ఉన్నాయి. 2022లో పాట్నా హైకోర్టులో ఒక ఐ.ఏ.ఎస్. అధికారి కోటు లేకుండా చొక్కాతో వచ్చారని, ఇది సినిమా హాలనుకున్నారా అని న్యాయమూర్తి మందలించారు. దేశమంతా ఆ వీడియో చూసింది. ఆ తరువాత 2024 జనవరి 3న సుప్రీం కోర్టు, అధికారులను కోర్టుకు పిలిపించే విషయంలో పద్ధతులు నిర్ణయిస్తూ, వారి ఆఫీసు డ్రెస్ కోడ్ ఉల్లంఘన అయితే తప్ప దుస్తుల మీద వ్యాఖ్యలు చేయరాదన్నది. తమాషా ఏమంటే, ఆ కేసు పుట్టింది రిటైరైన న్యాయమూర్తుల సదుపాయాల గొడవలోనే. వాళ్ళూ మనలాంటి పెన్షనర్లే! ఇంకో తమాషా, నకారా తీర్పునాటి ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ గారు, ఈ తీర్పు ఇచ్చినది వారి కుమారుడు డి.వై. చంద్రచూడ్ గారు.

గాంధీగారి తలపాగా కథ మీరెరుగుదురు. 1893లో డర్బన్ కోర్టులో తలపాగా తీయమంటే తీయక బయటికి నడిచారు. మరుసటి ఏడు నేటాల్ సుప్రీం కోర్టులో వకీలుగా ప్రమాణం చేసినప్పుడు ప్రధాన న్యాయమూర్తి అడిగితే తీసేశారు. ఆ రెండో సగం మనవాళ్ళు చెప్పరు. పోరాటానికి బలం ఎక్కడ దాచుకోవాలో ఆయనకు తెలుసు.

ఇక మన సంగతి. ఉతికిన నూలుబట్టలు. పంచె కానివ్వండి, ప్యాంటు కానివ్వండి, మీకు అలవాటైనది. కొత్తబట్టలు వాయిదా నాడే మొదటిసారి కట్టవద్దు. గంజిపెట్టిన కొత్త పంచె బోనెక్కేటప్పుడు కాళ్ళకు అడ్డం పడుతుంది. గళ్ళ లుంగీ ఇంట్లో పెట్టండి. చొక్కాకు జేబు ఉండాలి. కళ్ళజోడు, పెన్ను, ఆధార్ కార్డు జేబులో ఉంటేనే చేతికి అందుతాయి. చెవి మిషను వాడేవారు నామోషీ పడి ఇంట్లో వదిలి వస్తారు, అది అన్నిటికన్నా పెద్ద పొరపాటు. అడిగింది వినపడక "అవును" అన్నామంటే ఆ అవును రికార్డులోకి పోతుంది. అమ్మలు మామూలుగా గుడికి కట్టుకునే చీర కట్టుకోవచ్చు. కోటప్పకొండ తిరునాళ్ళకు పోయినంత హంగు వద్దు, అంతే. మంకీ క్యాపు, మఫ్లరు హాల్లోకి పోయేముందు తీయండి, ముఖం కనపడాలి. సెల్‌ఫోను ఆపేయండి. అయ్యప్ప మాలలో ఉన్నవారు నల్లబట్టలతో, ఒట్టికాళ్ళతో రావడం చూశాను, ఎవరూ తప్పు పట్టలేదు.

రెండు మాటలు కండువా గురించి. మన పల్నాడులో రంగు కండువా చూసి మనిషిని లెక్కగట్టే అలవాటు ఉంది. ఏ పార్టీ కండువా అయినా, ఏ రంగయినా, కోర్టు గేటు బయటే మడిచి సంచిలో పెట్టండి. మామూలు తువ్వాలు మాత్రం భుజానే ఉంచుకోండి. ఆఫీసరు ఎదుటికి పోతే తువ్వాలు తీసి చంకలో పెట్టుకునే రోజులు నేను చూశాను. ఎందరో రైతులు అలా నిలబడితే, నా బల్ల వెనక నేను కూర్చుని ఉన్నాను. వద్దని చెప్పాలని అప్పుడు నాకు తోచలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

కొందరు ఇందుకు తలకిందులు సలహా ఇస్తారు, చిరిగిన చొక్కా వేసుకుపో, జాలి కలుగుతుంది అని. ముఖ్యంగా 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల సంరక్షణ చట్టం కింద ఆర్.డి.ఓ. గారి దగ్గర భరణం అడిగేవారికి. ఆ ట్రిబ్యునల్లో మన మాట మనమే చెప్పుకోవచ్చు, అందుకని వేషం అవసరమనుకుంటారు. పెన్షను పాసుబుక్కు కాపీ ఎదుట పెట్టి చిరుగుచొక్కా చూపిస్తే ఎవరు నమ్ముతారు? ఉన్నది ఉన్నట్టు పోవాలి.

అయితే ఉన్నది ఉన్నట్టు పోవడం కూడా కష్టమయ్యే సందర్భం ఒకటి చూశాను. మా వీధిలో ఒక ముసలమ్మ కొడుకు మీద భరణానికి అర్జీ పెట్టుకుంది. విచారణ ముందురోజు మా ఇంటికొచ్చి మా ఆవిడతో, "నాకున్న మంచి చీర ఒక్కటే వదినా. అది వాడు సంక్రాంతికి పెట్టిందే. అది కట్టుకుని వాడి మీద ఎట్టా చెప్పేది?" అన్నది. నా దగ్గర జవాబు లేదు. మా ఆవిడ తన చీర తీసి చేతిలో పెట్టింది. తెల్లారి చూస్తే ఆమె కొడుకు పెట్టిన చీరే కట్టుకుని వచ్చింది. "ఇది వాడు పెట్టిందేనని ఆయనగారికి కూడా చెబుతాను, అబద్ధం ఎందుకు" అన్నది. చెప్పింది కూడా. నెలకు ఇంత ఇస్తానని కొడుకు అక్కడే ఒప్పుకున్నాడు. చీర చూసి ఒప్పుకున్నాడో, ఆర్.డి.ఓ. గారిని చూసి ఒప్పుకున్నాడో నాకు తెలియదు.

వీడియోలో విచారణ అయితే ఇంట్లోనే గదా అని బనియనుతో కూర్చోవద్దు. 2020లో రాజస్థాన్ హైకోర్టులో ఒక వకీలు గారే అలా కనపడితే కేసు వాయిదా వేశారు.

చివరగా ఈ లెక్కలు రాసుకోండి. 2020 జూలై 20 నుంచి కొత్త వినియోగదారుల చట్టం అమలులోకి వచ్చింది. ఫోరం పేరు కమిషన్ అయింది. వస్తువుకు మనం చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపయితే ఫీజు లేదు. ఫిర్యాదుకు గడువు రెండేళ్ళు. అమ్మినవాడు హైదరాబాదులో ఉన్నా మనం నివసించే జిల్లాలోనే వేయవచ్చు. అప్పీలుకు ఇప్పుడు 45 రోజులు. వకీలు లేకుండా మనమే మాట్లాడుకోవచ్చు. లోక్ అదాలత్‌లో రాజీ పడితే కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తుంది, కానీ దాని మీద అప్పీలు ఉండదు, చూసుకుని సంతకం పెట్టండి.

పొద్దున కాల్ వర్క్ మొదలయ్యే ముందే హాల్లో ఉండండి. మాచర్ల నుంచి వచ్చేవారు తెల్లవారుజాము బస్సే ఎక్కాలి. ఒకరే పోవద్దు, మన సంఘం నుంచి ఎవరో ఒకరు తోడు వస్తారు. నాకు కబురు చేసినా వస్తాను, మోకాళ్ళు సహకరించినంత కాలం. ఆ అటెండరు గారు కూడా వస్తానంటున్నాడు. ఇదిగో, ఆ వెనక వరసలో, తువ్వాలు భుజాన వేసుకుని కూర్చున్నాడు.