బ్యాటరీ గడ్డికోత యంత్రము: కొనుటకు ముందు చూడవలసినవి



వానలు పట్టిన కొలది దినములకే పినపాక పల్లెలలో పాఠశాల ఆవరణము, అంగన్‌వాడీ ముంగిలి, పంచాయతీ కార్యాలయము చుట్టునున్న స్థలము గడ్డితో నిండుట మీరెరిగినదే. అడవి అంచున ఉన్న గ్రామములకు ఇది అందమునకు సంబంధించిన ప్రశ్న కాదు. గడ్డిలో పాము దాగును. నీరు నిలిచినచోట దోమ చేరును. కొడవలితో కోయించుట మన పూర్వాచారము, అది చెడ్డదియు కాదు. కాని నాట్లు ముమ్మరముగ సాగు రోజులలోనే గడ్డియు ముమ్మరముగ పెరుగును; ఆ రోజులలో పిలిచినను మనిషి దొరకడు. అందుచేత యంత్రము కొనవలెనను తలంపు కలుగుచున్నది. పెట్రోలు యంత్రపు పొగ, చప్పుడు బడి నడుచు వేళ భరింపరానివి గనుక బ్యాటరీ యంత్రము మేలనుట సరియైన మాటయే.

అయితే దుకాణమునకు వెళ్ళినచో ఒక యంత్రముపై 20 వోల్టులని, వేరొకదానిపై 40 అని, మరొకదానిపై 88 అని వ్రాసి ఉండును. ఒకదానికి ఒకే బ్యాటరీ, మరొకదానికి రెండు. పెద్ద సంఖ్య గల దానికే తీర్మానము చేసినచో గ్రామనిధి వృథా కావచ్చును. ఆ సంఖ్యలను చదువు విధమును నేడు మనవి చేయదలచితిమి.

మీ ఊరి ఓవర్‌హెడ్ ట్యాంకును తలచుకొనుడు. ట్యాంకు ఎత్తును బట్టి నీటి ఒత్తిడి. దాని విశాలతను బట్టి నీటి పరిమాణము. బ్యాటరీలో వోల్టు ఎత్తు వంటిది, ఆంపియరు-గంట పరిమాణము వంటిది. ఈ రెండింటిని హెచ్చవేయగా వచ్చునది వాటు-గంట. బ్యాటరీ చేయగల పని అంతయు ఈ లెక్కలోనే ఉన్నది. మన రైతులు వీపున మోయు మందు పిచికారీ యంత్రములలో 12 వోల్టుల, 8 ఆంపియరు-గంటల సీసపు బ్యాటరీ సాధారణము. అనగా 96 వాటు-గంటలు. 18 వోల్టుల, 5 ఆంపియరు-గంటల లిథియం బ్యాటరీలో 90 వాటు-గంటలు. 36 వోల్టుల, 2.5 ఆంపియరు-గంటల బ్యాటరీలోను సరిగా 90 మాత్రమే. వోల్టులు రెట్టింపైనను శక్తి ఆవగింజంతయు పెరుగలేదు.

అట్లయిన 36 వోల్టులు ఎందులకని మీరడుగవచ్చును. మణుగూరు, పినపాక మండలములలో నెలకొన్న భద్రాద్రి థర్మల్ విద్యుత్కేంద్రమును చూచినవారికి ఇది సులభముగ బోధపడును. అక్కడ 4 యూనిట్లలో పుట్టు 1,080 మెగావాట్ల విద్యుత్తును దూరప్రాంతములకు లక్షల వోల్టులతో పంపుదురు. వోల్టు హెచ్చినకొలది తీగలో ప్రవాహము తగ్గును. వేడియై పోవు నష్టము తగ్గును. చిన్న యంత్రమునకును ఇదే సూత్రము. 720 వాట్లు కోరు మోటారునకు 18 వోల్టులతో 40 ఆంపియర్లు పారవలెను. 36 వోల్టులతో 20 చాలును. ప్రవాహము సగమైనచో అదే తీగలో పుట్టు వేడి నాలుగవ వంతు అగును. కనుక తడిగడ్డిలో శ్రమించు చక్రముల యంత్రమునకు 36 వోల్టులే మేలు. మొక్కల అంచులు కత్తిరించు పనిముట్టునకు 18 చాలును.

ఇక పైనున్న అంకెల సంగతి. 1991లో జపానులోని సోనీ సంస్థ తొలిసారి విపణికి తెచ్చిన లిథియం-అయాన్ బ్యాటరీయే నేడు ఫోను మొదలు గడ్డికోత యంత్రము వరకు వ్యాపించినది. దానిలోని ఒక్కొక్క సెల్లు పని చేయునప్పుడు సుమారు 3.6 వోల్టులు, నిండుగా ఛార్జి అయినప్పుడు 4.2 వోల్టులు చూపును. 5 సెల్లులు వరుసగా కలిపినచో 18 వోల్టులు. నిండిన క్షణమున 21. కాబట్టి 18, 20, 21 అను మూడు చీటీలు గల బ్యాటరీలు తరచుగా ఒకే జాతివి. 36, 40 అనునవియు అట్టివే. 88, 98 అని వ్రాసి వోల్టు గుర్తు ప్రక్కన మరొక అక్షరమును తగిలించిన చౌక సరుకులోను చాలవరకు ఆ 5 సెల్లుల వరుసయే ఉండును. దీనిని పట్టుటకు ఒక ఉపాయము కలదు. ఛార్జరు వెనుక చిన్న అక్షరములలో ఔట్‌పుట్ అను చోట ఎన్ని వోల్టులున్నవో చూడుడు. 21 అని ఉన్నచో లోపల 18 వోల్టుల బ్యాటరీయే. 42 అని ఉన్నచో నిజముగ 36. పెట్టెపై బొమ్మ ఏమి చెప్పినను ఛార్జరు అబద్ధమాడదు.

రెండు బ్యాటరీల యంత్రముల విషయమున మరింత జాగ్రత్త అవసరము. రెండు గూళ్ళున్నంత మాత్రమున రెండును కలిసి పనిచేయునని తలపరాదు. కొన్నింటిలో ఒకటి అయిపోయిన పిమ్మట రెండవది అందుకొనును. అప్పుడు వోల్టులు 18 గానే ఉండును. మరికొన్నింటిలో రెండును శ్రేణి సంధానములో కలియును. 18, 18 కలిసి 36 అగును, ఆంపియరు-గంటలు 5 గానే నిలుచును. ఏ విధముగ కలిపినను మొత్తము 180 వాటు-గంటలే.

శ్రేణిలో కలిసిన బ్యాటరీలు జోడెడ్ల వంటివి. ఒక ఎద్దు కూలబడినచో రెండవది ఎంత బలముగ ఉన్నను అరక సాగదు. 5 ఆంపియరు-గంటల బ్యాటరీకి 2 ఆంపియరు-గంటల దానిని జతచేసినచో లెక్క ప్రకారము 126 వాటు-గంటలుండవలెను. కాని చిన్నది ఖాళీ కాగానే యంత్రము ఆగిపోవును. వాడుకకు వచ్చునవి 72 మాత్రమే, మిగిలిన 54 పెద్దదానిలో చిక్కుకొని ఉండును. పాతదానికి క్రొత్తదానిని జత కట్టినను ఇదే గతి. కావున జత కొన్నచో రెండింటిపైనను రంగుతో ఒకే గుర్తు వేసి, ఎల్లప్పుడు కలిపియే ఛార్జి చేసి, కలిపియే వాడవలెను.

మా అభిప్రాయమిది. పంచాయతీకి అదే సంస్థ చేసిన 18 వోల్టుల పనిముట్లు ఇదివరకే ఉన్నచో జత యంత్రము లాభకరము. ఛార్జరు ఒకటే సరిపోవును. ఏమియు లేనిచో ఒకే పెద్ద 36 వోల్టుల బ్యాటరీ గల యంత్రము కొనుట మంచిది. జతను చెదరకుండ కాపాడు భారము దానికి లేదు. ఏది కొన్నను విడి బ్యాటరీ మణుగూరులోనో, కొత్తగూడెములోనో దొరకునా, దాని వెల ఎంత అని ముందే వ్రాతమూలకముగ అడుగవలెను. ఛార్జి చేయు విద్యుత్తు స్వల్పము. 180 వాటు-గంటలకు పావు యూనిట్టు చాలును. అసలు ఖర్చు బ్యాటరీదే.

ఎంత నేల కోయగలమను లెక్కయు తీర్మానమునకు ముందే వేసికొనవలెను. యంత్రము సగటున 540 వాట్లు త్రాగునని కొన్నచో 180 వాటు-గంటలు 20 నిమిషములు వచ్చును. 33 సెంటీమీటర్ల వెడల్పు బ్లేడుతో తాపీగా నడచిన మనిషి ఆ వ్యవధిలో 2 గుంటలకు కొంచెము హెచ్చుగ కోయును. తడిసి దట్టమైన గడ్డిలో 900 వాట్లు కావలసి వచ్చినచో 12 నిమిషములే. బడి ముంగిలికి ఇది చక్కగా సరిపోవును. 2020 నుండి ఊరూర పెంచిన పల్లె ప్రకృతి వనము ఎకరమున్నచో 16, 17 మార్లు ఛార్జి చేయవలసి వచ్చును. అది ఈ యంత్రము పని కాదు. మోకాలెత్తు గడ్డియు దీని పని కాదు. ముందు కొడవలితో కోయించి, అటుపిమ్మట వారమునకొకసారి యంత్రము నడుపవలెను.

2 ఆంపియర్ల ఛార్జరు ఒక 5 ఆంపియరు-గంటల బ్యాటరీని నింపుటకు రెండున్నర గంటలకు పైబడును. గూడు ఒక్కటే ఉన్నచో జతకు 5 గంటలు దాటును. కరెంటు పోయిన దినమున మరియు ఆలస్యము. రెండు గూళ్ళ ఛార్జరు అడిగి తీసికొనుట మేలు.

నిలువ చేయుటలో పిచికారీ యంత్రపు అలవాటు ఇక్కడ పనికిరాదు. సీసపు బ్యాటరీని నింపి ఉంచవలెను; ఖాళీగా వదలినచో చెడును. లిథియం బ్యాటరీని నెలల తరబడి నిండుగా ఉంచినచో త్వరగా ముసలిదగును. గడ్డి ఎండిన పిమ్మట, అనగా జనవరి మొదలు మే వరకు, దానిని సగము ఛార్జితో యంత్రమునుండి తీసి చల్లని గదిలో ఉంచవలెను. రేకుల కప్పు క్రింద ఉంచరాదు. చాల లిథియం బ్యాటరీలను 45 డిగ్రీలు మించిన వేడిలో ఛార్జి చేయరాదు. మన వేసవి ఆ హద్దును తాకును. కోత ముగియగానే కాలుచున్న బ్యాటరీని ఛార్జరుపై పెట్టక, అరగంట నీడలో ఆరనీయవలెను. బ్లేడులో చిక్కిన గడ్డిని తీయుటకు ముందు బ్యాటరీ ఊడదీయుట తప్పనిసరి.

పాడైన బ్యాటరీని చెత్త ట్రాక్టరులో వేయనీయకుడు. నలిగిన లిథియం బ్యాటరీ డంపింగ్ యార్డులో నిప్పు పుట్టించును. 2022 నాటి కేంద్ర బ్యాటరీ వ్యర్థముల నియమముల ప్రకారము వాడిన బ్యాటరీలను సేకరించి శుద్ధికి పంపు బాధ్యత వానిని తయారుచేసి అమ్మిన సంస్థలదే. పాత బ్యాటరీని తిరిగి ఎక్కడ తీసికొందురో కొటేషనులోనే వ్రాయించుకొనుడు.