చీర ముక్కతో బొమ్మ, చింతగింజతో లెక్క

(మహిళా సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)

 

మీరు పొద్దంతా పని చేసి వచ్చారు. కొందరు కలుపు తీసి వచ్చారు. కొందరు బీడీలు చుట్టి వచ్చారు. కొందరి ఒళ్లో పిల్లలు నిద్రపోతున్నారు. అందుకని ఎక్కువసేపు కూర్చోబెట్టను. ఈ రోజు మాట పిల్లల ఆట గురించి. ఆరేళ్ల లోపు పిల్లలు ఇంట్లో ఏం ఆడాలి? దేనితో ఆడాలి?

"ఆట గురించి కూడా చెప్పాలా? పిల్లలు వాళ్లే ఆడుకుంటారు గదా!" అని మీరు అనొచ్చు. నిజమే. ఆడుకుంటారు. కానీ మనం ఆడనిస్తున్నామా? పిల్ల మట్టి ముట్టుకుంటే "ఛీ, మురికి" అంటాం. గిన్నె తీస్తే "అక్కడ పెట్టు" అంటాం. ఆ గిన్నె మీద గరిటెతో వాయిస్తే వీపు మీద ఒకటి వేస్తాం. చివరికి ఏడుపు ఆపడానికి చేతికి సెల్‌ఫోన్ ఇస్తాం. ఇక పిల్ల కదలదు, మెదలదు. "ఎంత బుద్ధిగా కూర్చుందో" అనుకుంటాం.

ఆ బుద్ధి సంగతి తర్వాత చెప్తాను. ముందు మీరు ఒకటి గుర్తు చేసుకోండి.

మీరు పలక పట్టిన మొదటి రోజు గుర్తుందా? బలపం ఎన్నిసార్లు విరిగింది? 'అ' రాయబోతే గీత ఎటు పోయింది? కొడవలి పట్టిన చెయ్యి అది. బిందెలు మోసిన చెయ్యి అది. అయినా బలపం పట్టుకుంటే వణికింది. ఎందుకంటే బలపానికి బలం చాలదు. మూడు వేళ్లు కలిసి నడవాలి. కన్ను చూసిన చోటికే వేలు పోవాలి. అది అలవాటు మీద వచ్చే పని. మనకు ఆ అలవాటు ఆలస్యంగా వచ్చింది. అందుకే అంత కష్టపడ్డాం.

పిల్లకు ఆ అలవాటు ఎక్కడ వస్తుంది? ఆటలో వస్తుంది. మట్టి పిసికిన వేళ్లు, గింజలు ఏరిన వేళ్లు, దారం గుచ్చిన వేళ్లు బలపాన్ని తేలిగ్గా పడతాయి. బడిలో చేరాక పంతులమ్మ చెయ్యి పట్టి దిద్దించే పని సగం తగ్గుతుంది.

ఇది నా సొంత మాట కాదు. ఇటలీ దేశంలో మాంటిస్సోరి అని ఒక డాక్టరమ్మ ఉండేది. 1907లో రోమ్ నగరంలో ఒక పేదల పేటలో ఆమె పిల్లల ఇల్లు తెరిచింది. తల్లులూ తండ్రులూ పనికి పోతే ఆ పిల్లలు మెట్ల మీద తిరిగేవాళ్లు. ఆమె వాళ్లకు ఏం ఇచ్చింది? నీళ్లు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి పొయ్యమంది. గది ఊడవమంది. గుండీలు పెట్టమంది. గరుకు కాగితంతో చేసిన అక్షరాల మీద వేలు తిప్పించింది. కొన్నాళ్లకు ఆ పిల్లలు తమంతట తామే రాయడం మొదలుపెట్టారు. ఈ మాంటిస్సోరి 1939లో మన మద్రాసుకు కూడా వచ్చింది. అడయారులో ఉండి ఎంతోమంది టీచర్లకు ఈ పద్ధతి నేర్పింది.

మన దేశంలోనే గుజరాత్‌లో గిజుభాయి అని ఒకాయన ఉండేవాడు. వకీలు. ఆ వృత్తి మానేసి 1920లో భావనగర్‌లో చిన్నపిల్లల బడి పెట్టాడు. అందులో కొట్టడం లేదు, తిట్టడం లేదు. ఆట, పాట, కథ. ఆయన్ని అక్కడి జనం "మీసాల అమ్మ" అని పిలిచేవాళ్లు. చూశారా, మీసాలున్నాయన కూడా అమ్మ అనిపించుకున్నాడు!

సరే, ఇప్పుడు పనిలోకి వద్దాం. మొదట బొమ్మ చేద్దాం.

ఒక పాత చీర ముక్క తీసుకోండి. మెత్తటి నూలు చీర అయితే మంచిది. జానెడు పొడుగు, జానెడు వెడల్పు చాలు. శుభ్రంగా ఉతికి ఎండబెట్టండి. మధ్యలో నిమ్మకాయంత దూది గాని, గుడ్డ పీలికల ఉండ గాని పెట్టండి. గుడ్డను దాని మీదికి దగ్గరికి లాగి, కింద దారంతో గట్టిగా కట్టండి. అదే తల. నాలుగు కొసలు వేలాడుతుంటాయి గదా. పక్కనున్న రెండు కొసలకు చెరో ముడి వేయండి. అవే చేతులు. మిగతా గుడ్డ పరికిణీలాగా ఉంటుంది. కళ్లు, ముక్కు, నోరు సూది దారంతో కుట్టండి. గుండీలు, పూసలు మాత్రం కుట్టొద్దు. పిల్లలు పీకి నోట్లో పెట్టుకుంటారు.

పావుగంట పని. పైసా ఖర్చు లేదు. ఈ బొమ్మతో పిల్ల ఏం చేస్తుందో దూరం నుంచి చూడండి. అన్నం పెడుతుంది. జోకొడుతుంది. "అల్లరి చేస్తే కొడతా" అంటుంది. మన మాటలన్నీ మనకే వినపడతాయి. కొన్ని మాటలు వింటే నవ్వొస్తుంది. కొన్ని వింటే సిగ్గేస్తుంది. బొమ్మతో అంతసేపు మాట్లాడిన పిల్లకు మాటలు బాగా వస్తాయి.

అదే గుడ్డ పీలికలను గట్టిగా చుట్టి, పైన దారం చుడితే బంతి అవుతుంది. దెబ్బ తగలదు. ఇంట్లో విసిరినా ఏమీ పగలదు.

పాకే పిల్లలకు చప్పుడు ఇష్టం. ఎండిన సొరకాయ బుర్ర ఉంటే అదే గిలక్కాయ. లోపల గింజలు గలగలమంటాయి. అది లేకపోతే చిన్న ప్లాస్టిక్ సీసాలో నాలుగు గులకరాళ్లు వేయండి. మూత గట్టిగా బిగించండి. పైన గుడ్డ చుట్టి కుట్టేయండి. మూత ఊడి రాకూడదు. కుట్టు వదులైతే పారేయండి. ఉయ్యాల దగ్గర పొడుగు తాళ్లు, దారాలు వేలాడదీయొద్దు. మెడకు చుట్టుకుంటాయి.

మట్టి సంగతి చెప్పాలంటే నాకు చాలా ఇష్టం. పొలాల అమావాస్యకు మట్టితో ఎద్దులు చేసే ఊళ్లు మనకు ఎన్నో ఉన్నాయి. ఆ పని పండగనాడే చెయ్యాలా? చెరువులోంచి బంకమన్ను తెచ్చుకోండి. రాళ్లు, గాజు పెంకులు ఏరెయ్యండి. తడిపి, రొట్టెల పిండిలాగా పిసకండి. పిల్ల చేతికి ఒక ముద్ద ఇవ్వండి. రెండేళ్ల పిల్ల కొడుతుంది, నొక్కుతుంది, అంతే. మూడేళ్ల పిల్ల ఉండలు చేస్తుంది, పాములు చేస్తుంది. నాలుగేళ్లకు పొయ్యి, కుండ, రొట్టె చేస్తుంది. ఐదేళ్లకు ఎద్దు చేసి, దానికి తోక సరిగ్గా పెట్టలేదని మళ్లీ చేస్తుంది. చేసిన వాటిని నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే పగుళ్లిస్తాయి. ఆట అయ్యాక సబ్బుతో చేతులు కడగండి. మరీ చిన్నపిల్ల మట్టి నోట్లో పెట్టుకుంటుంది. ఆ పిల్లకు మట్టి వద్దు. రొట్టె చేసేటప్పుడు జొన్నపిండి ముద్దో, గోధుమపిండి ముద్దో చిన్నది తీసి ఇవ్వండి.

"ఎద్దు ఇలాగా ఉంటుంది?" అని నవ్వొద్దు. అడగండి. "ఇదేంటమ్మా?" అంటే పిల్ల చెప్తుంది. ఆమెకు అది ఎద్దే.

ఇక చింతగింజలు. మన ఇళ్లలో వీటికి కరువు లేదు. నాలుగేళ్లు దాటిన పిల్లకు పది గింజలు ఇవ్వండి. వరుసగా పేర్చమనండి. రెండేసి పెట్టమనండి. చివర ఒకటి మిగిలితే బేసి, మిగలకపోతే సరి. పలక లేకుండానే లెక్క వస్తుంది. ఇంకొంచెం పెద్దయ్యాక వామనగుంటలు ఆడించండి. పీట లేకపోతే వాకిట్లో రెండు వరుసల్లో ఏడేసి గుంటలు తియ్యండి. గింజలు ఒక్కో గుంటలో ఒక్కొక్కటి వేసుకుంటూ పోవాలి. ఎక్కడ ఆగుతుందో ముందే చూసుకోవాలి. అదంతా లెక్కే. మన అమ్మమ్మలకు బడి లేకపోయినా ఈ లెక్క తెలుసు.

కానీ ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను. మూడేళ్ల లోపు పిల్లలకు చింతగింజలు, పూసలు, నాణేలు, వేరుశనగ గింజలు ఇవ్వొద్దు. గొంతుకు అడ్డం పడితే ఊపిరాడదు. నిమిషాల్లో ప్రాణం పోతుంది. పెద్దపిల్ల గింజలతో ఆడుతుంటే చిన్నపిల్లను వేరే చోట ఉంచండి. ఆట అయ్యాక గింజలు లెక్కపెట్టి డబ్బాలో వేయమనండి. అదీ ఒక ఆటే.

రిమోట్లలో, గడియారాల్లో, వెలిగే బొమ్మల్లో గుండీలాంటి చిన్న బ్యాటరీ ఉంటుంది. అది మింగితే రెండు గంటల్లోనే గొంతు లోపల కాలిపోతుంది. మింగిందని అనుమానం వచ్చినా సరే, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోండి. పురుగుమందు డబ్బాలు ఎంత కడిగినా ఆటకు పనికిరావు. వాడిన సూదిమందు సిరంజీలు కూడా అంతే. ఇవి మన పెరట్లోనే దొరుకుతాయి. అందుకే చెప్తున్నాను.

నీళ్ల ఆట పిల్లలకు పండగే. వెడల్పు గిన్నెలో కొంచెం నీళ్లు, ఒక గ్లాసు, ఒక గరిటె ఇవ్వండి. ఆకు వేస్తే తేలుతుంది. రాయి వేస్తే మునుగుతుంది. వేపపుల్ల? వేసి చూడమనండి. ముందే మీరు చెప్పెయ్యొద్దు. ఈ ఆట మాత్రం మీరు పక్కన ఉన్నప్పుడే. జానెడు నీళ్లలో కూడా చిన్నపిల్ల మునిగి చనిపోతుంది. మీరు గిన్నెలు తోమేటప్పుడు పక్కనే కూర్చోబెట్టుకోండి. ఆట అయ్యాక నీళ్లు చెట్టుకు పోసెయ్యండి.

రంగులు కొనాల్సిన పని లేదు. పసుపు నీళ్లు పసుపుపచ్చ. బీట్‌రూట్ ముక్క నలిపితే ఎరుపు. పాలకూర నలిపితే ఆకుపచ్చ. బొగ్గు నలుపు. బెండకాయ తొడిమ దగ్గర అడ్డంగా కోసి, రంగులో ముంచి, పాత కాగితం మీద అద్దండి. పువ్వు పడుతుంది! ఆ తొడిమ ముక్క కూరలో ఎలాగూ వేయం. పసుపులో సున్నం కలిపితే ఎర్రగా అవుతుంది గాని, సున్నం పిల్లల చేతికి ఇవ్వొద్దు. కంట్లో పడితే చూపు పోతుంది.

తాటాకు గిరగిర, కొబ్బరాకు బూర, తాటి బుర్రల బండి నేను చెప్పను. మీ ఇంట్లో అవ్వను గాని, తాతను గాని అడగండి. వాళ్లకు నాకన్నా బాగా వచ్చు. మూల కూర్చున్న అవ్వకు కూడా పని దొరుకుతుంది. ఆకుతో పాటు నాలుగు కథలు కూడా చెప్తుంది.

ఇప్పుడు సెల్‌ఫోన్. ఫోన్ చూసే పిల్ల బుద్ధిగా లేదు, కదలకుండా ఉంది. ఈ రెండూ ఒకటి కాదు. చేతులకు పని లేదు. నోటికి మాట లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఈ సంగతి చెప్పింది. రెండేళ్లు నిండని పిల్లలకు టీవీ, ఫోన్ అసలు వద్దంది. రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు ఒక గంట దాటొద్దంది. అంతకన్నా తక్కువైతే ఇంకా మంచిదంది. "మరి వంట ఎట్లా చెయ్యాలి?" అని ఒక అక్క నన్ను అడిగింది. న్యాయమైన ప్రశ్నే. పొయ్యికి దూరంగా కూర్చోబెట్టి, చిక్కుడుకాయలు ఈనె తీయమనండి. ఉల్లిపాయలు ఒక గంపలో, బంగాళాదుంపలు ఒక గంపలో వేయమనండి. పని కొంచెం ఆలస్యం అవుతుంది. కాదనను.

జాతరలో బొమ్మ కొనొద్దని నేను అనడం లేదు. కొండపల్లి బొమ్మలు, నిర్మల్ బొమ్మలు, ఏటికొప్పాక లక్కపిడతలు మన సొత్తు. కొట్లో కొనేటప్పుడు మాత్రం ఐ.ఎస్.ఐ. గుర్తు చూడండి. 2021 జనవరి 1 నుంచి ఆటబొమ్మలకు అది తప్పనిసరి. చేతివృత్తుల వాళ్లు చేసే బొమ్మలకు మినహాయింపు ఉంది. రంగు పెచ్చులుగా ఊడే బొమ్మ ఎంత చవకైనా కొనొద్దు. మీకు ఇప్పుడు చదవడం వచ్చు. పెట్టె మీద ఏ వయసు వాళ్లకో రాసి ఉంటుంది. చదివి అడగండి.

ఇంకొక్క సంగతి మిగిలింది. ఇదే నాకు అన్నిటికన్నా ముఖ్యం.

మన ఇళ్లలో తమ్ముణ్ణి చంకనేసుకుని తిరిగే అక్క ఉంటుంది. ఆమెకు ఏడేళ్లో, ఎనిమిదేళ్లో. తోటివాళ్లు తొక్కుడుబిళ్ల ఆడుతుంటే గోడ పక్కన నిలబడి చూస్తుంది. మగపిల్లవాడు ఆడుకుంటే "చురుకైనవాడు" అంటాం. ఆడపిల్ల ఆడుకుంటే "పనీపాటా లేదా?" అంటాం. ఇక్కడ కూర్చున్న మనలో చాలామంది అలా నిలబడి చూసినవాళ్లమే. చదువు కూడా అలాగే తప్పిపోయింది. ఆట పిల్లల హక్కు అని ఐక్యరాజ్య సమితి 1989లో బాలల హక్కుల ఒప్పందంలో రాసింది. 1992లో మన దేశం ఆ ఒప్పందంలో చేరింది. అందులో ఆడపిల్ల, మగపిల్లవాడు అని తేడా లేదు.

కాబట్టి సాయంత్రం ఒక గంట ఆ పిల్ల చంక దించండి. చిన్నవాణ్ణి నాన్నకు ఇవ్వండి. బిడ్డను ఎత్తుకుంటే ఏ నాన్న చెయ్యీ అరిగిపోదు. అంగన్వాడీ ఉన్న ఊళ్లో మూడేళ్ల పిల్లను పొద్దున్నే అక్కడికి పంపండి. అక్క బడికి పోతుంది.

వచ్చే సమావేశానికి ప్రతి ఒక్కరూ ఒక పాత చీర ముక్క, సూది, దారం తెచ్చుకోండి. కత్తెర నేను తెస్తాను. ఇక్కడే కూర్చుని బొమ్మలు కుడదాం. చంకన పిల్లల్ని మోసే అక్కలు ఉంటే వాళ్లనే ముందు తీసుకురండి. మొదటి బొమ్మలు వాళ్లకే.