బడి చెంత ఇల్లు

మైపాడు ఇసుకదిబ్బలకు ఇవతల ఒక చిన్న ఊరు. తెల్లవారకమునుపే ఒక ఇంట దీపము వెలుగును. తల్లి కారియరులో అన్నము సర్దుచుండును. తండ్రి రొయ్యల గుంటల కడకు పోవ సిద్ధమగుచుండును. ఆరవ తరగతి పిల్లవాడు నిద్రమత్తు వీడని కన్నులతో వీధి చివర బడి బస్సు కొరకు నిలబడును. అక్కడికి నెల్లూరు సుమారు పాతిక కిలోమీటర్లు. ఊరూర ఆగుచు, పిల్లల నెక్కించుకొనుచు పోవు బస్సుకు అది గంటన్నర ప్రయాణము. సాయంకాలము తిరిగి అంతే. ఒకనాడు ఆ తల్లి భర్తతో, "ఏమయ్యా, ఈ బిడ్డ అవస్థ చూడలేకుండా ఉండాను. నెల్లూళ్ళో బడి పక్కన ఇల్లొకటి కొనుక్కుంటే పోలా?" అనును.

అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు ప్రాంతముల ఎన్నియో ఇండ్లలో నేడు వినవచ్చుచున్న మాట ఇది. అడుగుట తేలిక. బదులు చెప్పుటకు మాత్రము కొంత లెక్క కావలెను. ఆ లెక్కనే నేడు మీ ముందుంచ దలచితిని.

చదువు కొరకు తీరము విడిచి నెల్లూరు చేరుట మనకు క్రొత్త గాదు. వేంకటగిరి రాజావారి పేర వెలసిన ఉన్నత పాఠశాల 1875 నాటిది. 1920లో అది కళాశాలతో కూడుకొన్నది. పల్లెల నుండి వచ్చిన పిల్లలు బంధువుల పంచన ఉండియో, వారములు చేసికొని ఇంటింట భుజించియో చదివిరి. ఆడపిల్లల కొరకు పొణకా కనకమ్మగారు 1923లో కస్తూరిదేవి విద్యాలయమును స్థాపించిరి. 1929లో గాంధీమహాత్ముడు దాని భవనమునకు శంకుస్థాపన చేసెను. నేడు దేశమంతట శాఖలు గల నారాయణ విద్యాసంస్థలును 1979లో నెల్లూరులోనే చిన్న శిక్షణ తరగతిగా మొదలైనవి. కావున పేరుగల బడి యన్న నెల్లూరనుకొనుట మన తాతల నాటి నుండి వచ్చుచున్నదే. భేద మొక్కటి. నాడు పిల్లవాడొక్కడే ఊరు విడిచెడివాడు. ఇల్లు పల్లెలోనే ఉండెడిది. నేడు పిల్లవానితో కూడ ఇల్లే కదలుచున్నది.

బడి చెంత ఇల్లు కొన్నచో మనకు దక్కున దేమి? ఇందు మొదట ఒక భ్రమ తొలగవలెను. ఇంగ్లండులో ప్రభుత్వ పాఠశాలలు నిండిపోయినపుడు పెక్కుచోట్ల ఇంటి దూరమును కొలిచి, దగ్గరివారికి ముందు చోటిత్తురు. అందుచేత మంచి బడి పరిసరముల ఇండ్ల ధర పెరుగును. ఢిల్లీ ప్రైవేటు బడులలో శిశుతరగతుల ప్రవేశమునకును దూరమును బట్టి మార్కులు వేయు పద్ధతి కలదు. మన వైపు ప్రైవేటు బడిలో ఫీజు కట్టువానికి చోటు దొరకుట ఇంటి చిరునామాపై ఆధారపడి యుండదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ననుసరించి ప్రైవేటు బడులు బీద, బలహీన వర్గముల పిల్లల కీయవలసిన నూటికి 25 సీట్ల విషయమున మాత్రము ఇరుగుపొరుగున నివసించుట లెక్కకు వచ్చును. అక్కడను నివాసమే చూతురు గాని, ఆ ఇల్లు స్వంతమా, అద్దెదా యను ప్రశ్న లేదు. కావున దర్గామిట్టలోనో, మాగుంట లేఅవుటులోనో లక్షలు పోసి ఇల్లు కొన్నవాడు బడిలో చోటును కొన్నవాడు కాడు.

మరి అతడు కొన్న దేమి? పిల్లవాని కాలమును. ఇది తక్కువ వస్తువు గాదు. ఆ విద్యాహక్కు చట్టమే ఆరు మొదలు ఎనిమిదవ తరగతి వరకు ఏడాదికి 220 పనిదినములు, 1000 బోధన గంటలు ఉండవలెనని నిర్ణయించినది. రోజుకు మూడు గంటలు బస్సులో గడపు పిల్లవానికి 220 దినములలో 660 గంటలు దారిలోనే పోవును. చదువు వేయి గంటలు, దారి ఆరువందల అరువది గంటలు! ఆ పిల్లవాడు ఆట మరచును, ఇంటికి రాగానే నిద్రకు తూలును. తల్లి కంట నీరు పెట్టుట ఊరక గాదు. ఆమె బాధ న్యాయమైనది. ఆ బాధకు మందు ఇల్లు కొనుట యొక్కటేనా యన్నదే ఆలోచింపవలసిన విషయము.

ఇప్పుడు ధనము లెక్క చూతము. ఇల్లు 50 లక్షలనుకొందము. ముప్పది లక్షలకు మించి డెబ్బదియైదు లక్షల వరకు గల గృహఋణములకు ఇంటి విలువలో నూటికి 80కి మించి బ్యాంకు ఇవ్వరాదని రిజర్వు బ్యాంకు నియమము. అనగా అప్పు 40 లక్షలు; చేతి సొమ్ము 10 లక్షలు. స్టాంపు సుంకము, బదిలీ సుంకము, రిజిస్ట్రేషను రుసుము కలిసి మన రాష్ట్రమున నూటికి ఏడున్నర. అది 3 లక్షల 75 వేలు. ఇదియు చేతి నుండియే పోవలెను. నూటికి 9 వడ్డీతో ఇరువది ఏండ్లకు 40 లక్షల అప్పు తీర్చుటకు నెల వాయిదా సుమారు 36 వేలు. పిల్లవాడు ఒకటవ తరగతిలో నుండగా కొన్నచో, అతడు పది ముగించు నాటికి మనము కట్టినది 43 లక్షలు. ఇంకను మిగిలిన అసలు 28 లక్షలకు పైమాట. బడి పని తీరినది, బాకీ తీరలేదు.

అదే కుటుంబము బడి దగ్గర నెలకు 12 వేల అద్దె ఇంట ఉన్నదనుకొందము. అద్దె ఏటేట నూటికి 5 వంతున పెరిగినను పదేండ్లకు మొత్తము 18 లక్షలు దాటి కొంచెము. అద్దె కట్టిన సొమ్ము తిరిగి రాదు, స్వంత ఇల్లు ఆస్తిగా నిలుచును గదా యందురు. నిజమే. ఇంటి ధర పెరుగవచ్చును కూడ. కాని ఆ పెరుగుదల పొందుటకు ఇల్లమ్మవలెను. అమ్మువరకు వాయిదా తప్పకుండ కట్టవలెను. ఆ కట్టుబాటు మన రాబడికి పొసగునా?

తీరవాసుల రాబడి స్వభావము మీ రెరుగనిది గాదు. నెలజీతము ఒకటవ తేదీకి వచ్చును. రొయ్య ఆ తేదీ నెరుగదు. 1994 ప్రాంతమున తెల్లమచ్చల రోగము వచ్చినపుడు గుంటలకు గుంటలు తుడిచిపెట్టుకొని పోవుట పెద్దలకు జ్ఞప్తి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకులపై సుంకమును నూటికి 50కి పెంచినపుడు, రోగము లేకయే రైతు గుండె తల్లడిల్లెను. వరి పండించువానికి తుపాను భయము, వేటకు పోవువానికి వేటనిషేధ దినములు. ఇట్టి రాబడిపై నెలనెల 36 వేల వాయిదా పెట్టుట ఆటుపోట్ల నీటిలో గుంజ పాతినట్లుండును. పాతరాదని గాదు, లోతుగా పాతవలెను. కనీస మొక యేడాది వాయిదాలకు చాలు ధనము విడిగా దాచుకొనక అప్పునకు సంతకము చేయరాదు.

ఇక్కడ మా యింటి మాట ఒకటి చెప్పుదును. మా చిన్నాయన పిల్లల చదువు కొరకు రెండెకరముల మాగాణి అమ్మి నెల్లూరులో ఒక బడి గోడ ప్రక్కనే ఇల్లు కొనెను. పిన్ని పిల్లలతో పట్నమున. ఆయన మిగిలిన పొలముతో ఊర. పదునాలుగేండ్లు ఆ సంసారము రెండు పొయ్యిలపై నడచినది. పిల్లలిద్దరు బాగుగ చదివిరి. ఒకరు హైదరాబాదున, ఒకరు విదేశమున ఉన్నారు. పోయిన సంక్రాంతికి నేను పోగా ఆయన అరుగుపై కూర్చుండి బడిగంట విని నవ్వి, "చూడబ్బాయ్, ఇల్లు బడి పక్కనే ఉంది. బడికి పొయ్యే బిడ్డే లేడు" అనెను. ఆయన పశ్చాత్తాపపడుట లేదు. చదువు దక్కినదని తృప్తియే. కాని అమ్మిన రెండెకరములు అప్పుడే కాకుండ వేరొక విధముగ ఆలోచించి యుండిన నిలిచెడివి గదా యను మాట ఆ నవ్వులో వినబడినది.

ఇంటి ఆయుస్సు వేరు, బడి అక్కర వేరు. పిల్లవానికి బడి పండ్రెండేండ్లు. ఇల్లు మనకు మరణపర్యంతము. పైగా బడియును మారును. 1875లో పుట్టిన ఆ వి.ఆర్. ఉన్నత పాఠశాలయే మన కాలమున మూతబడి, 2025లో నగరపాలక సంస్థ బడిగా పునరుద్ధరింపబడి మరల తలుపులు తెరచినది. నూరేండ్ల బడియే ఇట్లు మూతపడి తెరువబడగా, నేటి ప్రకటనలలోని బడి రేపు అదే వీధిలో, అదే తీరున ఉండునని నమ్మి ముప్పది ఏండ్ల నిర్ణయము చేయుట తగునా? బడి పేరు చూచి అద్దెకు దిగుడు. ఇల్లు మంచిదైనచో ఇంటిని చూచి కొనుడు.

ఇల్లు మంచిదగుట యన నేమి? నెల్లూరున మొదట నీటిని చూడవలెను. మన జిల్లా వానలో పెద్దపాలు ఈశాన్య ఋతుపవనములది. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు. 2021 నవంబరున సోమశిల నుండి వచ్చిన వరదకు పెన్న పొంగి నది యొడ్డు లోతట్టు కాలనీలు మునిగెను. పడుగుపాడు వద్ద రైలుమార్గము కొట్టుకొనిపోయెను. జాతీయ రహదారిపై రాకపోకలు నిలిచెను. ఎండకాలమున చూచిన ప్రతి ఇల్లును ముచ్చటగనే ఉండును. కొనదలచిన వీధికి కార్తీకమాసపు వానలో ఒకసారి పోయి రండు. ఎదురింటి ముసలమ్మను "ఆ వరదలో నీళ్ళెందాక వచ్చినాయి అవ్వా?" అని అడుగుడు. దళారి చెప్పని మాట ఆమె చెప్పును.

తరువాత కాగితములు. ఈ.సీ. తీసి, పాత దస్తావేజుల వరుస చూపించి, న్యాయవాదిచే చదివించుడు. స్థలమునకు 2017లో ఏర్పడిన నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ, అనగా నుడా, అనుమతి కలదా యని చూడుడు. ఎనిమిదికి మించిన వాటాలు గల క్రొత్త అపార్టుమెంటులు 2016 నాటి రెరా చట్టము క్రింద నమోదు కావలెను. ఆ సంఖ్య లేనిదే బయానా ఈయకుడు.

అటులైన ఇల్లు కొనరాదా? కొనవచ్చును. నే చెప్పు వరుస ఇది. ముందు బడి దగ్గర ఏడాదియో రెండేండ్లో అద్దెకుండి చూడుడు. బడి పిల్లవానికి సరిపడినదా, తల్లికి పట్నము సరిపడినదా, తండ్రి ఊరికి రాకపోకలు సాగునా తెలిసివచ్చును. అటుపిమ్మట, బడి లేకున్నను ఆ ఇంట మనముండగలమనిన, పంట పోయినను వాయిదా కట్టగలమనిన, అన్నము పెట్టు పొలము నమ్మకయే కొనగలమనిన, కొనుడు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి కుదరకున్నను అద్దె ఇల్లు చిన్నతనము గాదు.

చివరి మాట. మనము పట్నమునకు పోయినపుడు ఊరి బడి మనతో రాదు. అక్కడ మిగులువారు అడుగలేనివారు. విద్యాహక్కు చట్టము ప్రతి ప్రభుత్వ బడికి యాజమాన్య సంఘ ముండవలెననియు, అందు నాలుగింట మూడు పాళ్ళు తల్లిదండ్రులే కావలెననియు, సగము మంది స్త్రీలు కావలెననియు విధించినది. పిల్లవాడు అయిదవ తరగతి వరకైన ఊరనే చదువుచున్నచో, పట్నపు ఇంటికై తిరుగు కాళ్ళతో ఒకనాడు ఆ సంఘపు సమావేశమునకు పోయి అడుగవలసినది అడుగుడు. జవాహర్ నవోదయ విద్యాలయపు ఆరవ తరగతి సీట్లలో నూటికి కనీసము 75 పల్లె పిల్లల కొరకే కేటాయింపబడినవన్న మాటయు మరువకుడు. ఊరి చదువు అక్కడ అనర్హత గాదు, అర్హతయే.

రేపు తెల్లవారుజామున ఆ ఇంట మరల దీపము వెలుగును. ఆ బిడ్డ నిద్ర కాపాడవలసినదే. అది తల్లిదండ్రుల ధర్మము. కాని బిడ్డ హాయిగా నిద్రించుటకు కొన్న ఇల్లు తల్లిదండ్రులకు నిద్ర లేకుండ చేయరాదు. లెక్క వేసి, వాన చూచి, ఆపైన తాళముచెవి అందుకొనుడు.