కారు చక్రములకు ఇంటనే రంగు

ఆయుధపూజ దగ్గర పడినకొలది బండ్లను కడుగుట, తుడుచుట, వానికి కొంత సొగసు తెచ్చుట మన ఇండ్లలో ఆనవాయితీ. బొగ్గుగనుల సీమలో ఈ ఉత్సాహమునకు మరియొక కారణము కూడ కలదు. సింగరేణి సంస్థ లాభములలో కార్మికుల వాటా తరచుగా దసరాకు ముందే ప్రకటింపబడుచుండును. 2024లో, విస్తరణకై కొంత ధనమును ప్రక్కన ఉంచి, మిగిలిన లాభములో 33 శాతమును వారి వాటాగా నిర్ణయించిరి. చేతికి నాలుగు డబ్బులు వచ్చినపుడు కారునకు కొత్త చక్రములు కొనువారు కొందరు. ఉన్న చక్రములకే మెరుపు తెచ్చుకొనువారు మరికొందరు. రామగుండము, గోదావరిఖని ప్రాంతములలో పానా పట్టనేర్చిన చేతులకు కొదువ లేదు. ఫిట్టర్లు, వెల్డర్లు, మెకానిక్కులు కాపురముండు వాడలలో ఈపాటి పనికి బజారునకు పోవలసిన అగత్యము ఎవరికిని కనపడదు. అందుచేత, చక్రమునకు రంగు వేయుట ఎట్లు అను దాని కంటె ముందు, చక్రములో ఏ చోట రంగు వేయరాదు అను విషయమును చెప్పదలచితిమి.

మన పెద్దలు ఎడ్లబండి చక్రపు ఆకులకు, చుట్టుకొయ్యలకు రంగులు పూయించినను, ఇరుసు తిరుగు చోటికి రంగును రానిచ్చెడివారు కారు. అచ్చట ఆముదములో గడ్డిమసి కలిపిన కందెనకే చోటు. కారు చక్రమునకు కూడ అట్టి చోట్లు ఉన్నవి. రిమ్ము వెనుక భాగమున హబ్బునకు ఆనుకొను చదునైన ముఖము ఒకటి; నట్లు కూర్చుండు గుంటలు రెండవది. ఈ రెండు చోట్లను లోహము లోహమును తాకవలెను. నడుమ రంగుపొర ఉన్నచో, నట్టును ఎంత గట్టిగా బిగించినను, ప్రయాణపు అదరుపాటునకు, బ్రేకుల వేడికి ఆ పొర నలిగిపోవును. పొర నలిగినంత మేర బిగువు సడలును. నాలుగు నట్లతో నిలిచిన చిన్నకారు చక్రమునకు ఆ సడలింపు చాలును. పైకి నిగనిగలాడు చక్రము రహదారి మీద ఊడిపోవుటకు ఇట్టి వెంట్రుకవాసి పొర హేతువు కాగలదు. కావున రంగు వేయుటకు ముందే ఆ గుంటలను, ఆ ముఖమును అంటుకాగితముతో మూయవలెను.

బ్రేకు డిస్కు మీద ప్యాడ్లు రాయు భాగమునకును, డ్రమ్ము లోపలి వైపునకును రంగు గాని, నూనె గాని అంటరాదు. డ్రమ్ము వెలుపలి వైపునకు వేయవచ్చును. క్యాలిపరునకు ఎర్రరంగో పసుపురంగో వేయుట నేటి యువకులకు మిక్కిలి ఇష్టము. వేసికొనవచ్చును, కాని దాని రబ్బరు తొడుగులను, గాలి తీయు మరను కప్పి, వేడికి ఓర్చు రంగునే వాడవలెను. వాలుబాటలో దిగుచు మాటిమాటికి బ్రేకు వేసినపుడు ఆ భాగములు 200 డిగ్రీల సెంటిగ్రేడును మించి కాగుట కలదు. కిటికీ ఊచలకు వేసి మిగిలిన ఎనామిలు అచ్చట నల్లబడి పెచ్చులూడును.

ఇక చక్రమును విప్పుట. కప్పునకు ఆధారము పెట్టనిదే దాని క్రిందికి పోరాదని గనిలో మొదటి దినముననే నేర్పుదురు. ఆ పాఠము ఇంటి వాకిట మరువదగినది కాదు. జాకీ ఎత్తుటకే గాని మోయుటకు కాదు. చదునైన గట్టినేల మీద బండిని నిలిపి, ఎత్తని చక్రములకు ముందు వెనుకల అడ్డు పెట్టి, నట్లను కొద్దిగా వదులుచేసిన పిదపనే ఎత్తవలెను. విప్పిన చక్రము స్థానమున స్టెప్నీని బిగించినచో బండి తన కాళ్లమీద తాను నిలుచును; రంగు ఆరువరకు తొందర ఉండదు. మొదట స్టెప్నీకే రంగు వేసి చేయి కుదుర్చుకొనుట మేలు. అది డిక్కీలో దాగియుండును గనుక తప్పు జరిగినను పరువునకు లోటు రాదు!

చక్రము చేతికి రాగానే రంగుడబ్బా మూత తీయువారే అధికులు. మా దృష్టిలో అప్పుడు చేయవలసిన పని చక్రమును చూచుట. సబ్బునీటితో రెండు వైపుల కడిగి, ఎండలో త్రిప్పిత్రిప్పి పరికింపవలెను. గుంతలలో పడిన మిశ్రలోహపు చక్రమునకు సన్నని పగులు ఏర్పడవచ్చును. ఇనుపరేకు చక్రమునకు అంచు వంగవచ్చును. పుట్టీ పెట్టి, రంగు పూసి పగులును కప్పుట రోగిని అలంకరించి పెండ్లికి పంపుట వంటిది. పగిలిన చక్రమునకు రంగు కాదు, విశ్రాంతి ఇయ్యవలెను. బ్రేకుల నుండి రాలిన నల్లని రజమును గాలితో ఊదక తడిపియే తీయవలెను. పాతబండ్ల బ్రేకులలో రాతినార ఉండుట కద్దు. రిమ్మునకు అంటించిన తూకపు బిళ్లలను పెరుకరాదు. అవి ఊడినచో చక్రమును మరల తూకము చేయించక తప్పదు.

రంగు నిలుచుటయు రాలుటయు అడుగున జరిగిన పనిని బట్టి ఉండును. జిడ్డు పూర్తిగా పోవలెను. తుప్పును ఇనుపతీగ బ్రష్షుతో గీకి, ముదుకగరుకు కాగితముతో మొదలుపెట్టి 320, 400 అంకెల సన్నకాగితము వరకు వచ్చి, మెరుపు చచ్చి ఉపరితలము మందగించువరకు రుద్దవలెను. ఇనుపచక్రమునకు రెడ్ ఆక్సైడు ప్రైమరు సరిపోవును. అల్యూమినియపు మిశ్రలోహమునకు అది చక్కగా పట్టదు; ఆ లోహమునకు తగిన ఎచ్ ప్రైమరునో, ఎపాక్సీ ప్రైమరునో అడిగి కొనవలెను. టైరునకు రంగు అంటకుండ రిమ్ము అంచునకు, టైరునకు నడుమ పాత పేకముక్కలను వరుసగా గ్రుచ్చుట ఒక చక్కని ఉపాయము. పేకకు ఇంతకంటె సద్వినియోగము మేమెరుగము. పిదప దళసరిగా ఒక్కసారి కాక, పలుచగా రెండు మూడు పూతలు, నడుమ నడుమ డబ్బా మీద చెప్పినంత వ్యవధి. రంగు జారి కన్నీటిబొట్టువలె నిలుచుటకు ఆత్రమే కారణము.

ఇచ్చట ఒక మాట. బొగ్గునకును రంగునకును చుట్టరికము పాతది. 1856లో ఇంగ్లండున పదునెనిమిదేండ్ల విలియం పెర్కిన్ బొగ్గుతారు నుండి వచ్చిన అనిలీనుతో ప్రయోగము చేయుచు ఊదారంగును కనుగొనెను. కృత్రిమపు అద్దకపు రంగుల పరిశ్రమ అచ్చటినుండి ప్రారంభమైనది. మోటారు రంగులలో 1920ల నాటి డ్యూకో త్వరగా ఆరుటచేత ప్రసిద్ధికెక్కెను. ఆ పేరు మన పెయింటర్ల నోళ్లలో ఇప్పటికిని ఆడుచున్నది. థిన్నరులో ఉండు టోలీను కూడ ఒకప్పుడు బొగ్గుతారు నుండి తీసినదే.

ఈ ప్రాంతమున రంగుపనికి రెండు శత్రువులు: ఎండ, దుమ్ము. రామగుండపు మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటు దినములు కలవు. అట్టి వేడిలో తుంపర లోహమును చేరకమునుపే సగము ఆరి, ఉపరితలము ఇసుకవలె గరుకగును. వానకారులో గాలిలోని తేమ చేరి మెరుపుపొర పాలవలె తెల్లబారును. కార్తీకము మొదలు మాఘము వరకు, మంచు విడిచిన తరువాతి ప్రొద్దు అనుకూలమైన వేళ. దసరాకే కావలెనన్నచో వాన తెరపిచ్చిన పొడి దినమును ఎంచుకొనవలెను. దుమ్మునకు విరుగుడు మన వాకిళ్లలోనే ఉన్నది. ఓపెన్ కాస్టు గనుల దారులలో ట్యాంకర్లు నీళ్లు చల్లునట్లు, పనికి కొంతసేపటి ముందు చుట్టును పలుచగా కళ్లాపి చల్లినచో లేచిన ధూళి అణగును. మడుగులు కట్టునట్లు చల్లినచో తేమ పెరుగును.

దుమ్ము రంగునకు శత్రువైనచో, రంగు ఊపిరికి శత్రువు. బొగ్గుధూళి వలన ఊపిరితిత్తులకు వచ్చు న్యూమోకోనియోసిసు 1952 నాటి గనుల చట్టము క్రింద ప్రకటింపబడిన వ్యాధులలో ఒకటి. షిఫ్టులో దుమ్మును పీల్చిన మనిషి సెలవు దినమున థిన్నరు ఆవిరిని పీల్చుట ఏమి న్యాయము? ముక్కునకు కట్టిన చేతిరుమాలు ఈ ఆవిరిని ఆపజాలదు. దుమ్ము మాస్కు దుమ్మునే ఆపును. ఆవిరికి, చురుకుచేసిన బొగ్గు నింపిన గుళిక గల మాస్కు కావలెను. ఆరుబయట పని చేయవలెను. గట్టిదనమిచ్చు రెండవ ద్రవమును కలుపవలసిన పాలీయూరితేను రంగులలో ఐసోసయనేటులు ఉండును. అవి ఉబ్బసమును కలిగింపగలవు. వానిని తగిన గాలి ఏర్పాటు గల వర్కుషాపునకు విడుచుటయే మంచిదని మా నిశ్చితాభిప్రాయము. ఇండ్లకు, అలంకరణకు వాడు రంగులలో సీసము మిలియనుకు 90 వంతులకు మించరాదను నియమము 2017 నవంబరు నుండి అమలులోనికి వచ్చినది. పాతచక్రము మీది పూత అంతకు పూర్వపుది కావచ్చును, ఆ నియమమునకు లోబడనిదియు కావచ్చును. దానిని పొడిగా రుద్దక నీటితో తడిపి రుద్దవలెను. పిల్లలను దరికి రానీయరాదు. థిన్నరు ఆవిరి గాలికంటె బరువైనది. నేలవెంబడి ప్రాకి వంటింటి పొయ్యిని చేరగలదు.

రంగు ముట్టుకొన్నపుడు ఆరినట్లుండును గాని లోపల గట్టిపడుటకు దినములు పట్టును. ఆ పిమ్మట మూతలు తీసి, నట్ల గుంటలలో రంగు చేరలేదని చూచి, చక్రమును ఎక్కించవలెను. నట్లను వరుసగా కాక ఎదురెదురుగా, వాహనపు పుస్తకములో చెప్పిన బిగువునకు బిగించవలెను. కొలత చూపు పానా ఇంట లేనిచో టైర్ల దుకాణమున ఆ ఒక్క పని చేయించుకొనవచ్చును. గోదావరిఖని నుండి కరీంనగరము వరకు, అనగా దాదాపు 60 కిలోమీటర్లు నడచిన తరువాత, చక్రములు చల్లారనిచ్చి మరల ఒకసారి బిగువు చూడవలెను.

ఎనామిలు తుడిచిన గుడ్డపీలికలను కుప్పగా వేసి మూల పారవేయరాదు. అందులోని నూనె గాలితో కలసి వేడెక్కి నిప్పు పుట్టవచ్చును. బొగ్గు కుప్పలు తమంతట తాము రాజుకొనుటను చూచినవారికి దీనిని వివరింపనక్కరలేదు. వానిని ఒక్కొక్కటిగా విప్పి, ఆరుబయట పరచి, బాగుగా ఎండిన పిదప పారవేయవలెను.