పిలుపు దేవునిది, పరీక్ష సంఘానిది



ఒక పల్లె ఉపదేశి పేరిట ఏర్పాటైన ఉపన్యాసమిది. పగలు పిల్లల చేత ఓనమాలు దిద్దించి, పొద్దుగూకాక లాంతరు వెలుతురులో ప్రార్థన జరిపి, ఆదివారం వాక్యం చెప్పిన తరం ఆయనది. వాళ్లకు గురుపట్టం లేదు. అయినా పల్లెలో తగవు వస్తే జనం ముందు వాళ్ల గడపే తొక్కేవాళ్లు. ఆ అధికారం వాళ్లకు ఎవరిచ్చారు?

మన సీమలో ఈ ప్రశ్న పాతదే. 1822లో లండన్ మిషన్ కడపలో పని మొదలుపెట్టింది. సువార్త చెప్పడం వరకే తమ పని, సంఘం ఎలా నడవాలో విశ్వాసులే తేల్చుకోవాలి అన్నది 1796 నుంచీ ఆ మిషన్ నియమం. అందుకే జమ్మలమడుగు వైపు సంఘాల్లో బిషప్పులు లేరు. ఉత్తరాన నంద్యాల, ముత్యాలపాడు వైపు ఆంగ్లికన్ మిషన్ పనిచేసింది. అపొస్తలుల నాటి నుంచి చేతులు మారుతూ వచ్చిన హస్తనిక్షేపణ బిషప్పు ద్వారా అందితేనే గురుపట్టం అని వాళ్ల నమ్మకం.

బిషప్పులున్న సంఘాలూ లేని సంఘాలూ కలిసి 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డాయి. అప్పటికే సేవలో ఉన్న పాస్టర్లకు మళ్లీ పట్టం ఇవ్వనక్కర్లేదనీ, ఇకపై మాత్రం బిషప్పులే ఇస్తారనీ ఒప్పుకున్నారు. ఏ సంఘం మీదా దాని మనస్సాక్షికి విరుద్ధంగా పాస్టరును రుద్దబోమని మాట కూడా ఇచ్చారు. బిషప్పులు లేని సంఘాల నుంచి వచ్చిన హోస్పేట్ సుమిత్ర ఆ రోజు బిషప్పయ్యారు, తర్వాత మోడరేటరూ అయ్యారు. నంద్యాల ఆంగ్లికన్లలో ఎక్కువమంది మాత్రం బయటే ఉండిపోయారు. వాళ్లు కలిసింది 1975లో. దాన్ని మొండిపట్టు అని కొట్టిపారేయకండి. పిలుపు వచ్చిందని చెప్పేవాడిని ఎవరు పరీక్షించారన్నదే రెండు పక్షాల ప్రశ్న. ఒకరు సంఘం అన్నారు, ఒకరు బిషప్పు అన్నారు. పరీక్షే వద్దని ఎవరూ అనలేదు.

ఇప్పుడు ప్రొద్దుటూరు బజారులో ఫ్లెక్సీలు చూడండి. అపొస్తలుడు, ప్రవక్త, అభిషిక్తుడు! ఎవరు పట్టమిచ్చారంటే, దేవుడే నేరుగా పిలిచాడంటారు. కానుకల లెక్క అడిగితే, దైవజనుడి మీద నోరెత్తకూడదంటారు. స్వతంత్ర సంఘాలన్నీ ఇంతే అనడం లేదు. హెబ్రోను సహవాసాలకు మూలమైన భక్తసింగ్ బిరుదులను పక్కనపెట్టి పెద్దల ఉమ్మడి నడిపింపును నేర్పించారు.

పిలుపు వేదిక మీదివాళ్లకే వస్తుందని కూడా అనుకోవద్దు. జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ నర్సుదీ పిలుపే. ఎంత పిలుపున్నా పరీక్ష పాసుకానివాడి చేతికి అక్కడ కత్తి ఇవ్వరు. ఏ మందు ఎప్పుడిచ్చారో కేసుషీటులో రాసి సంతకం పెట్టాలి. ఒంటికి మందిచ్చేవాడికి ఇన్ని కట్టుబాట్లుంటే, ఆత్మ సంగతి చూసేవాడికి ఒక్కటీ వద్దా?

బాలుడైన సమూయేలు దేవుని పిలుపు విన్నాడు గానీ గుర్తుపట్టలేకపోయాడు. గుర్తుపట్టింది ముసలి ఏలీ. తెల్లవారాక, తన ఇంటి మీద పడిన తీర్పును కూడా దాచకుండా చెప్పమని అడిగిందీ ఆయనే. అంతియొకయలో పౌలును, బర్నబాను ఆత్మ ప్రత్యేకించమంటే, ఉపవాసముండి వాళ్ల మీద చేతులుంచి పంపింది సంఘం. తిరిగొచ్చాక ఇద్దరూ ఆ సంఘాన్నే సమకూర్చి జరిగిందంతా చెప్పుకున్నారు.

కాబట్టి పెద్దలారా, కొత్త సేవకుడు వచ్చినప్పుడు సాక్ష్యం విని ఆగిపోకండి. ఎవరి దగ్గర తర్ఫీదు పొందాడో, తప్పు చేస్తే ఎవరి మాట వింటాడో అడగండి. ఏడాదికోసారి లెక్కలు సంఘం ముందు చదివించండి. నిజంగా పిలుపున్నవాడికి వీటిలో ఏదీ అవమానం కాదు.