మనశ్శాంతి వ్యాసం - మొదటి అయిదు నిమిషాలు



పరీక్షలో "మనశ్శాంతి పొందే మార్గాలు" అని వ్యాసం ఇచ్చారనుకోండి. చాలామంది వెంటనే కలం పట్టి "మానవ జీవితంలో శాంతి ఎంతో అవసరం" అని మొదలుపెడతారు. రెండో పేరాకల్లా సరుకు అయిపోతుంది, గాభరా పట్టుకుంటుంది.

పిల్లలూ, అరగంట వ్యాసమైతే మొదటి అయిదు నిమిషాలు వ్యాసం మొదలుపెట్టకండి. చివరి పేజీలో నాలుగు ముక్కలు వేసుకోండి: అశాంతి ఎందువల్ల, శాంతి అంటే ఏమిటి, ఒక నిదర్శనం, మనం చేయగలిగింది. రాయడం అయ్యాక వాటిని కొట్టేయండి.

నిదర్శనం గట్టిదై ఉండాలి. గాంధీజీ సోమవారాలు మౌనం పాటించేవారు. 1947 జూన్ 2 సోమవారమే. ఆ రోజు దేశ విభజన విషయమై వైస్రాయి మౌంట్‌బాటెన్‌ను కలవవలసి వచ్చింది. ఆయన మౌనం విడవలేదు, పనీ మానలేదు. పాత కవర్ల వెనుక రాసి చూపించారు. శాంతి అంటే పని వదిలి పారిపోవడం కాదని చెప్పడానికి ఇది చాలదూ?

తల్లిదండ్రులకూ ఒక మనవి. పరీక్ష నాటి ఉదయం పక్కింటి పిల్లవాడి మార్కుల మాట ఎత్తకండి. ఇంట్లో లేని శాంతిని కాగితం మీదికి పిల్లలు ఎక్కణ్ణుంచి తెస్తారు?