పాత యిల్లు, పదుగురి చేయి



పాతయింటిని బాగుచేసికొనుటను గూర్చి నాలుగు మాటలు మనవి చేయుటకు నా కీ యవకాశము కలిగినది. నేను మేస్త్రీని గాను, వడ్రంగిని గాను. ముప్పదియైదేండ్లు పిల్లలకు పాఠములు చెప్పి విశ్రాంతి గైకొన్న యుపాధ్యాయుడను. బాసరలో మా తాతగారు కట్టిన యింటిని మా కుటుంబమువారమందరము గూడి మరమ్మతు చేసికొంటిమి. అందు మేము చేసిన తప్పులును, వానిని దిద్దుకొన్న విధమును మీకు పనికివచ్చునను తలంపుతో చెప్పుచున్నాను.

మా యూరు గోదావరి యొడ్డున, జ్ఞానసరస్వతీదేవి సన్నిధి నున్నది. మా ముథోలు తాలూకా 1956 వరకు నాందేడు జిల్లాలోనిది. పిదప ఆదిలాబాదు జిల్లాలో చేరెను. 2016 నుండి నిర్మల్ జిల్లాలో నున్నది. జిల్లాలు మూడు మారినను ఇల్లు మాత్రము కదలలేదు. అది నడుమ ఆకాశము కనబడు భవంతి యిల్లు. చుట్టును సాయమానులు, మట్టిగోడలు, టేకు దూలములు, పైని గూన పెంకలు. భవంతిలో పడిన వాననీ రంతయు నేలలోని యొక రాతిమోరీ గుండ వీథిలోనికి పోవుచుండెడిది.

మా తండ్రిగారు గతించిన పిమ్మట అన్నగారును నేనును వేరుపడితిమి. భవంతి నడుమ ఒక గోడ లేచినది. అటుతరువాత పందొమ్మిదియేండ్లు పెండ్లికిని చావునకును దక్క మా యిరువురకు మాటలు లేవు. ఆ గోడ పునాది సరిగా మోరీమీదనే పడినదని మే మెవ్వరమును గమనింపలేదు. ఏటేట వాననీరు భవంతిలో నిలిచి, గోడల మొదళ్లలోనికి దిగజొచ్చెను.

నావైపు గోడ చెమ్మగిల్లగా నేను చేసిన పని యేమనగా, సిమెంటుతో గట్టిగా పూత పెట్టించితిని. రెండు వర్షకాలములు గడచునప్పటికి ఆ పూత యుబ్బి పలకలుపలకలుగా రాలెను. లోని మట్టి తడిసిన పిండివలె నుండెను. కారణము పిదప తెలిసినది. మట్టిగోడ లోనికి వచ్చిన చెమ్మ మరల గాలిలోనికి పోవలయును. సున్నపుపూత దానిని పోనిచ్చును, సిమెంటుపూత బంధించును. పోర్ట్లండు సిమెంటునకు ఇంగ్లండులో పేటెంటు పుచ్చుకొన్నది 1824 లో. అనగా దాని వయస్సు రెండువందల యేండ్లు. కొత్తకట్టడములకు అది మేలైన వస్తువే. మట్టిగోడకు మాత్రము సరిపడని చుట్టము.

తుదకు దూలము కొన గోడలో కూర్చున్నచోట పుచ్చిపోయెను. హైదరాబాదులో నుద్యోగము చేయు నా కుమారుడు, "నాయనా, కూల్చి స్లాబు వేసికొందము" అనెను. వాని మాట తోసివేయదగినది కాదు. గోడలు ఒరిగినను, పునాది క్రుంగినను కూల్చుటయే క్షేమము. కాని పిలువబడిన మేస్త్రీ తూకపుగుండు వ్రేలాడదీసి చూచి, "గోడ నిటారుగనే యున్నది. అవతలివైపు చూడనిదే దూలము సంగతి చెప్పజాలను" అనెను. అవతలివైపు అన్నగారిది!

మరునాడుదయము వీథిగుండ చుట్టి, అన్నగారి యరుగుకడకు పోయితిని. నిలువబడి, "అన్నా, దూలము పుచ్చినది" అంటిని. ఆయన కొంతసే పూరకుండి, "లోనికి రా తమ్మీ, నావైపుననైన నున్నదో లేదో చూతము" అనెను. చూచితిమి. ఆ కొనయు పుచ్చియే యుండెను.

అప్పుడు మరియొక లోపము బయటపడినది. మేము పంచుకొన్ననాడు మా చెల్లెలిని అడుగనే లేదు. 2005 లో హిందూ వారసత్వచట్టమునకు జరిగిన సవరణతో ఉమ్మడియాస్తిలో కుమార్తెకును కుమారునితో సమానమైన హక్కు కలిగినది. చట్టము మాట యటుండనిండు. ఆమె పుట్టిపెరిగిన యింటిని ఆమె నడుగక తాకుట న్యాయమా? కబురంపితిమి. వచ్చినది. మా గోడను చూచి, "సంతకము మాట తరువాత, ముందు మోరీ యెక్కడనో చూపెదను" అని, గోడకు బారెడు దూరమున కాలితో నేలను గీచినది. చిన్ననాడు అమ్మతో గూడ నచట అంట్లు తోమినది ఆమెయే కదా! త్రవ్వగా రాతిపలక కనబడెను. మోరీ చెడలేదు, మా గోడ పునాదియే దానిని పూడ్చినది.

ఆ గోడను తీసివేసితిమి. తరువాతి పని ఈ క్రమమున జరిగినది. మీరును ఇట్లే చేయుడని నా మనవి.

మొదట నీటిని వెడలగొట్టవలెను. మోరీ బాగుచేసి, గూనను దింపి, పగిలినవానిని తీసి, మరల సర్దించితిమి. ఇది వానలకు చాల ముందుగనే ముగియవలయును. నీటిదారి తేలక గోడకు పూత పెట్టుట ధనము వెదజల్లుటయే.

రెండవది కలప. దూలమును తాకకముందు దానిక్రింద గట్టి పోట్లు నిలువవలెను. పుచ్చినంతమేర కోసి, వడ్రంగిచేత మంచి టేకును అతికించితిమి. దూలము మొత్తము మార్చనవసరము కలుగలేదు. చెదలును, వాసముల నంటి పోవు పాత విద్యుత్తీగెలను అప్పుడే చూపించుకొనవలెను.

మూడవది సున్నము. రాతిసున్నమును నీట విరియించునప్పుడు అది కుతకుత నుడుకును. కన్నులకు, చర్మమునకు ప్రమాదము. పిల్లలను దూరముగా నుంచుడు. విరిసినదానిని గుంటలో కొన్నివారములు నాననిచ్చి, ఇసుకతో మెదిపి, పలుచని పొరలుగా పూయవలెను. సున్నము గాలిలోని బొగ్గుపులుసుగాలిని పీల్చుకొని మెల్లమెల్లగా మరల రాయియగును. కావున తొందర పనికిరాదు. నేలగచ్చు, రంగులు అన్నిటికిని కడపటివి.

ఇక బంధువుల సాయము. అందరును డబ్బే యీయనక్కరలేదు. నా కుమారుడును అన్నగారి కుమారుడును సొమ్ము పెట్టిరి. అన్నగారు పనివారియొద్ద నిలిచిరి. మేనల్లుడు సెలవులలో వచ్చి గూన మోసెను. నేను చిట్టా వ్రాసి, ప్రతి యాదివారము అందరికిని చదివి వినిపించితిని. లెక్క చదువని యింట అనుమానము చెదవలె పట్టును. కడకు, ఇల్లు మువ్వురికి నుమ్మడియనియు, తూర్పు అర్ర చెల్లెలిదనియు పత్రము వ్రాసి రిజిస్టరు చేయించితిమి.

ఇది చిన్నయింటి కథ. పెద్దదానికిని దారి యిదియే. కామారెడ్డి జిల్లా దోమకొండలోని కోటను ఆ సంస్థానపు వంశీకులే పూనుకొని పునరుద్ధరించిరి. ఆ పనికి 2022 లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారము లభించెను. కోటయైనను కుటీరమైనను, దాని వారసులు తమదని నిలిచిననే నిలుచును.

ఆ యేటి తొలివాన రాత్రివేళ కురిసినది. నేను లేచి వచ్చి చూడగా అన్నగారు అప్పటికే భవంతియంచున లాంతరుతో కూర్చుండి యుండిరి. నీరు మోరీలోనికి సుడి తిరిగి పోవుచుండెను. ఆయన మాటాడక, పీటను కొంచెము జరిపి నాకు చోటిచ్చిరి.

పెద్దలారా! మీ యూళ్లలోను ఇట్టి యిండ్లు గలవు, ఇట్టి గోడలును గలవు. వానకాలము రాకముందే వానిక్రింద మోరీ యేమైన నున్నదేమో, ఆ యింటి యాడుబిడ్డలను పిలిచి యడిగి చూడుడు. సెలవు.